వజా

ఆదివారం పదకొండుకి కీళ్ల డాక్టరు.
ఫర్వానియా గదిలో, పై మంచం నీడలో
బకాలా బిల్లు వెనక
ఖైరూన్ నాకోసం చీటీ రాస్తాంది.

"ఎట్లా నొస్తాదో చెప్పు."

తెల్లారితే పోటు.
మూడంతస్తుల మెట్లు తుడిచినాక సలుపు.
ఏసీ గాలి తగిలితే తీపు.
పిండి పిసికేటప్పుడు వేళ్లు మాట వినవు,
ఒక్కోనాడు మోకాలు
గుంజుతాదో, పట్టేస్తాదో
నాకే తెలీదు.

కలం ఆగింది.
"వీటన్నిటికీ నాకొచ్చేది ఒకటే మాటక్కా, వజా."
అదే ఐదుసార్లు రాసింది,
చివరిది కొంచెం పెద్దగా.

సివిల్ ఐడీ, రక్తపరీక్ష కాగితాలు,
సగం వాడిన మాత్రల రేకు సంచిలో పెట్టినా.
ఒంటిగంటకల్లా వస్తానని మేడమ్‌కి చెప్పినా.

ఉంగరం మాత్రం ఊడలేదు.
సబ్బు రాసినాం, నూనె రాసినాం.

"ఉండనీలే," అనింది ఖైరూన్
నా వేలు వదలకుండా,
"ఆయప్ప దాన్నే చదువుకుంటాడు."