మూత పెట్టిన చెంబు

తెల్లారగట్ల నాలుగింటికి
దేవరకొండ గల్లీలల్ల
నీలం డబ్బాలు మోపెడ్‌కు కట్టుకొని తిరిగేటోణ్ని.
ఉచ్చ శాయిలు అని పిలిచిండ్రు. పలికిన.

మూడోనెల పడ్డ ఇండ్లే నా లెక్క.
గడపకాడ మూత పెట్టిన చెంబు.
లీటరుకు రెండ్రూపాలు.
తండాల సోనీబాయి పైసలు ముట్టేది కాదు,
"పారబోసేదానికి ధరేంది?" అని నవ్వేది.

నల్లగొండల వాసుదేవాచారి సారు
జాడీల తెల్లమట్టి వేసి రాత్రంతా కలియబెట్టేటోడు.
"నీళ్లు పోతయి, ఉప్పు పోతది, మన ఫ్లోరైడూ పోతది.
కడుపు చెప్పిన మాట ఒక్కటే
మట్టిని పట్టుకొని ఉంటది, శాయిలూ."

ఎన్ని వందల లీటర్లో!
చివరికి అగ్గిపుల్ల కొన మీద నిలిచేంత పొడి.
దాన్ని ఆడ కుందేలుకు సూదిగ ఇచ్చి
రెండు దినాలు గూడు ముందల కూసున్నం,
పురిటింటి బయట కూసున్నట్టు.

డబ్బాలు కడిగేది నా పెండ్లాం బుచ్చమ్మ.
ఏ డబ్బా ఏ గల్లీదో
వాసనతోనే చెప్పేది.
పదకొండేండ్లాయె,
మా గడపకాడ చెంబు పెట్టింది లేదు.

"మనుషులకెప్పుడిస్తరు సారూ, ఈ మందు?"
ఒక్కసారే అడిగిన.
సారు నా దిక్కు చూడలె.
కుందేలు చెవులు నిమురుకుంట
చానాసేపు
అట్లనే నిలబడ్డడు.