పలకని అక్షరం

ఇన్నొకెంతీ జఖారొవిచ్ ఎలా ఉండేవాడని
నల్లకోటు విద్యార్థి ఒకడొచ్చి, పెన్సిల్ నాలిక్కి తడుపుకుని అడిగాడు.
నాకేం తెలుసు బాబూ,
ఆ మొహం నేను చూసింది ఒక్కసారి.
చేతిరాత మాత్రం పందొమ్మిదేళ్ళు చూశాను.

లిగోవ్కా కాలువ పక్క, నేలమాళిగలో మా అచ్చాఫీసు.
మంచు కరిగే రోజుల్లో నీళ్ళు లోపలికొచ్చి
మా బల్లల కాళ్ళు నాకేవి.
అక్కడే, కిరసనాయిలు దీపం కింద, ఆయన నవలలన్నీ
తలకిందులుగా చదివాను,
సీసంలో, ఒక్కో అక్షరం గిల్లి తీసుకుంటూ.

వేసవిలో ఆ రాత తీరిగ్గా నడిచేది.
గడువు ముంచుకొచ్చిందా,
ఆఖరి పడవ కోసం ఎగబడే జనంలా
అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకునేవి.
కాగితం అంచున లెక్కలు:
కొవ్వొత్తులు, ఇంటద్దె, తాకట్టులో ఉన్న చలికోటు,
పిల్లకి బూట్లు.
బూట్ల పద్దు రెండుసార్లు కొట్టేసి, మళ్ళీ రాశాడు.
ఒక జనవరి తరవాత ఆ పద్దు కనపడలేదు.
ఎవరం అడగలేదు.
ఆ నెల వచ్చిన అధ్యాయంలో
వీధి వీధంతా ఉంది, గుర్రాలున్నాయి, అంగళ్ళున్నాయి,
ఒక్క పసిపిల్ల లేదు.

పత్రికలవాళ్ళు సాగదీస్తాడని తిట్టేవారు.
మాకేం! వెయ్యి అక్షరాలకింతని మా కూలి.
మా రాతలో మాట చివర ఒక గుర్తు పెడతాం,
పలకరు దాన్ని, ఎవరికీ వినపడదు,
అయినా పేర్చాల్సిందే.
ఆయన పుస్తకాల్లో అవి ఎన్ని వేలో!
ఆ మూగదే నాకు రొట్టె పెట్టింది,
చిగుళ్ళు నల్లబడ్డాక తాగమన్న పాలూ పోసింది.

సరే, ఆ ఒక్కసారి సంగతి చెబుతాను.

చాకలి ఉస్తీన్యా కథ నడుస్తోంది.
తాగొచ్చి చెయ్యి విరగ్గొట్టిన మొగుడు
ఏడేళ్ళకి గుమ్మంలో మోకరిల్లాడు.
"ఆమె అతన్ని క్షమించింది"
అని రాశాడాయన, పేజీ అడుగున, ఒంటరి పంక్తి.
అచ్చులో ఆ పంక్తి లేదు.

మూడోరోజు ఆయనే వచ్చాడు.
పొట్టి మనిషి. తడి బూట్ల కింద మడుగు కట్టింది.
యజమాని నావైపు వేలు చూపించి పక్కకి తప్పుకున్నాడు.
టోపీ చేత్తో పట్టుకుని నించున్నాను,
లోపల ఇంకో అచ్చాఫీసు వెతుక్కుంటూ.
ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివాడు.
కిటికీలోంచి పోయేవాళ్ళ కాళ్ళు చూశాడు చాలాసేపు.
"నిజమే," అన్నాడు, "క్షమించి ఉండదు."
వెళ్ళిపోయాడు.

ఆ తరవాతి పన్నెండు అధ్యాయాలూ
ఆ ఖాళీ చోటులోంచే వచ్చాయి.
ఆ పన్నెండిటికే జనం ఆయన్ని మహానుభావుడన్నారు.

నిద్రమత్తులో జారిపోయిందని అందరికీ చెప్పాను.
విద్యార్థికీ అదే చెప్పాను.
మా అమ్మ తులా ఊరి చాకలిది.
ఎడమ మోచెయ్యి ఆవిడకి చివరిదాకా సరిగ్గా వంగలేదు.
ఇంతకన్నా అడక్కు.

ఆయన పోయాడని నల్ల అంచుల వార్త నేనే పేర్చాను.
మర్నాడు పొద్దున ఫారం విప్పి, కడిగి,
అక్షరాల్ని గళ్ళలో సర్దేశాను.
సాయంత్రానికి ఆ సీసమే
సబ్బు ప్రకటన అయింది, వోట్ల ధర అయింది.
మా పని అంతే.

ఇప్పుడు సంపూర్ణ రచనలట, తోలు అట్ట, బంగారు పేరు.
రాతప్రతి నా ముందుంది, పాత అచ్చూ ఉంది.
ఏది పాటించాలో ఎవరూ చెప్పలేదు.
కుర్రాడు సావ్కా దీపం వత్తి పెంచాడు.
ఉస్తీన్యా పేజీ అడుగుకి వచ్చి చెయ్యి ఆగింది.
చివరికి, పంక్తంత పొడవు, అచ్చు పడని సీసపు బద్ద ఒకటి
ఆ చోట దింపాను,
వేలితో నొక్కి.