తొందరేం లేదు

ముప్పై ఒక్క చలికాలాలు
అయోవా మొక్కజొన్న చేల మధ్య మా ఊరి రోడ్ల మీద
మంచు నెట్టాను.
బండి వెనక ఉప్పు రాలుతూ ఉండేది
రాత్రంతా గొణిగే ముసలాడిలా.
ఇప్పుడు రిటైరయ్యి
వాకిలికీ రోడ్డుకీ మధ్య ఆరడుగుల నేలలో
నేను చల్లిన ఉప్పుతోనే తగువు పడుతున్నాను.

విత్తనాలు లైబ్రరీ ఆర్డిస్ ఇచ్చింది, పాత కరెంటు బిల్లు కవరులో.
"రైలు కట్ట మీద ఏరాను. ఆస్టర్లు. మన నేలవే.
జనవరిలో చల్లు వెర్లిన్, మంచు మీదే.
చలి తగలందే వీటికి మెలకువ రాదు."
చలి గురించి, నాకు చెప్తోంది!
గుప్పెడు ఇసుకలో కలిపి చల్లాను.
పొయ్యి మసిలా ఉన్నాయి.
ఆ రాత్రి మళ్ళీ మంచు పడింది.
జీవితంలో మొదటిసారి
దాన్ని పక్కకి నెట్టాలనిపించలేదు.

మొదటి ఏడు, వేలి గోరంత ఆకు.
రెండో ఏడు మోకాలెత్తు, మొగ్గ లేదు గానీ
మునిసిపాలిటీ నోటీసు వచ్చింది, పిచ్చిమొక్కలు పీకమని.
కింద సంతకం బ్రెంట్ ది.
నా బండి మీద క్లచ్ తొక్కడం నేర్చుకున్న పిల్లాడు.
మూడో ఏడు జూన్ లో
ఒక్క రాత్రిలో జింకలు నమిలిపోయాయి.
అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆర్డిస్ వచ్చి, వంగి చూసి, నవ్వింది.
"నువ్వు చెయ్యాల్సిన పని అవి చేసిపెట్టాయి.
తల తుంచితే పక్కలు వేస్తుంది. కాస్త ఆలస్యంగా పూస్తుంది, అంతే."

అక్టోబరు పదకొండు.
కోతలైపోయాయి, గాలి నిండా పొట్టు.
ఊళ్ళో కుండీలన్నీ గరాజుల్లోకి వెళ్ళిపోయాక
నా ఆరడుగులూ ఊదారంగు, మధ్యమధ్య పసుపు చుక్కలు,
వాటి మీద బొద్దు తుమ్మెదలు,
చలికి బిగుసుకుపోయి, పూలకి వేలాడుతూ.
వీటిలో రాణులే మిగులుతాయట
ఆర్నెల్లు మట్టిలో ఒంటరిగా,
ఇప్పుడు తిన్న తిండి మీదే.

బ్రెంట్ టేపు పట్టుకుని వచ్చాడు.
కొలవడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.
"ఇది చచ్చిపోయిందా?"
"ఎండ తగలనీ."
ఇద్దరం నించున్నాం, కాఫీ చల్లారింది.
పదిన్నరకి, ముందు ఒక కాలు.
తర్వాత ఒళ్ళంతా మోటారులా వణుకు.
లేచింది. పక్క పువ్వు దాకానే.

టేపు టక్కున చుట్టుకుంది.
"మంచు ఎప్పుడు పడుతుందంటావ్?" అన్నాడు,
ఊరంతా ముప్పై ఒక్కేళ్ళు నన్నడిగిన ప్రశ్నే.
తొందరేం లేదన్నాను.