ఐదోసారి

కళ్యాణదుర్గం దావలో మా చర్చికి గంట లేదు,
ఇనుప పట్టా ముక్క వేలాడగట్టి కొట్టేవాళ్ళు.
ఆ ఆదివారం పాస్టరయ్య
ద్రాక్షతోట కూలోళ్ళ కథ చదివినాడు.
పొద్దున వచ్చినోనికీ దేనారమే,
పొద్దుగూకే యాళకు వచ్చినోనికీ దేనారమే.
చాప మీది నుంచి మా అవ్వ తబితమ్మ లేచింది:
"అయ్యా, తెల్లార్నుంచీ వంగిన నడుములకు లెక్క లేదా?"

అది న్యాయం కాదమ్మా, కృప, అన్నాడాయన.
"మా దయ ఇదే అని చెప్పే
మొగోనికి పది, మాకు ఆరు ఇచ్చినారు ఇన్నేండ్లూ,"
అని కొంగు దులిపి బయటికి పోయింది.
మూడు నెలలు ప్రభువు బల్ల దగ్గరికి రాలేదు.
ఇంట్లో ప్రార్థన మాత్రం మానలేదు.
ప్రార్థనంటే, కొట్లాట.

చెనిక్కాయ పెరికే కాలం వచ్చింది.
పద్నాలుగు మందిమి, గుత్తకు పట్టిన చేను,
గుంపుకు అవ్వే మేస్త్రి.
పొద్దు వాలినాక ఓబుళేసు వచ్చినాడు,
ఎడమకాలు ఈడ్చుకుంటా.
"యాడికి పోయినావురా ఇంతసేపు?"
"యాడికీ పోలేదక్కా. బస్టాండులోనే నిలబడినా.
ట్రాక్టర్లొచ్చినాయి. నా కాలు చూసి పోయినాయి."

వాడు పీకింది ఒక గంపకు తక్కువ.

రాత్రి నా సెల్లు వెలుతురులో నోట్లు పంచింది.
మాట్లాడుకున్న కూలి ఎవరికీ పైసా తగ్గలేదు.
ఓబుళేసు చేతిలోనూ అంతే పెట్టింది.
తన వంతులో మిగిలింది
ఉప్పుకూ చాయాకుకూ సరి.
లక్ష్మక్క మూతి తిప్పింది, "దయగల తల్లివిలే."
"దయేం గాదు. నిలబడ్డానికీ కూలి పడాల."

పండుకునే ముందర ఆ అధ్యాయం మళ్ళీ చదివించుకుంది.
వేళ్ళు ముడుస్తా వినింది:
తెల్లవారి, మూడో గంట, ఆరు, తొమ్మిది, పదకొండు.
"ఐదుసార్లు పోయినాడు మే సంతకు!
ఆఖరి గంటలో చేన్లో ఏం పనుంటాది?
ఎవురు మిగిలిపోయినారో చూడను పోయినాడు.
పాస్టరయ్య కూలి సంగతి చెప్పినాడు గానీ
ఆ నడక సంగతి చెప్పల్యా."

ఆదివారం బల్ల దగ్గరికి వచ్చింది.
రొట్టె అందుకునే ముందర అయ్యగారితో ఏదో అంది.
ఆయన నవ్వబోయి ఆగిపోయినాడు.
దావలో నేనడిగితే చెప్పింది:
"ఒకటి మాత్రం పైకి పోయినాక ఆయన్నే అడగాల.
పొద్దున్నొచ్చినోళ్ళకు ముందిచ్చి పంపొచ్చు గదా,
ఇంటికాడ పిల్లోళ్ళు
పొయ్యి దిక్కు చూస్తా కూసోనుంటారు."