కెటిల్ ఏడుస్తోంది

రాత్రి రెండూ నలభై.
వేక్‌ఫీల్డ్ శివార్లలో
కార్పెట్ల గోడౌన్ పక్కన మా కాల్ సెంటర్.
చెవుల మీద హెడ్‌సెట్ స్పాంజి,
బాలింత చెవుల్లో దూదిలా.

పేరు కర్స్టీ ఓల్డ్‌రాయిడ్.
ఊరు బ్రిడ్లింగ్టన్, సముద్రం ఒడ్డు.
బిడ్డ పుట్టి పదకొండో రోజు
(మా ఇళ్ళలో అయితే పురుటి స్నానం).
భర్త నడిసముద్రంలో గాలిమరలు బాగుచేస్తున్నాడు,
శుక్రవారం దాకా రాడు.
తలనొప్పి. అంతే, తలనొప్పి.
"ఈ వేళప్పుడు మిమ్మల్ని విసిగిస్తున్నాను" అంది.
ఇక్కడ నొప్పికన్నా క్షమాపణ ముందొస్తుంది.

తెర మీద ప్రశ్నలు.
జీవితంలో ఇంత నొప్పి ఎప్పుడైనా ఎరుగుదురా?
నవ్వింది. "పోయినవారమే కదా కన్నాను!"
నేనూ నవ్వాను.
నిద్ర లేదు, నీళ్ళు తాగడం లేదు, రొమ్ముల్లో పాలు గడ్డలు.
తేలికైన జవాబులన్నీ ముందుకు తోసుకొస్తున్నాయి.
రెండు పారాసెటమాల్, పొద్దున్నే డాక్టరు...
మౌస్ అటే జారుతోంది.

అప్పుడంది:
"ఒక్క నిమిషం, కెటిల్ ఏడుస్తోంది,
పాలిచ్చి వస్తా."

తొమ్మిది సెకన్లు నేనేమీ మాట్లాడలేదు.

మార్కాపురంలో పలక మీద దిద్దుకున్న ఇంగ్లీషు నాది.
వచ్చిన కొత్తలో వార్డులో ఒక ముసలాయన
ఆకలికి చచ్చిపోతున్నానంటే
పరుగెత్తి టోస్టు తెచ్చాను.
ఆయనకు వేసింది చలి.
ఈ పక్క పాతవాళ్ళు చలిని అలాగే అంటారట.
వార్డంతా నవ్వింది, టోస్టు నేనే తిన్నాను.
కెటిల్ ఏడవడం కూడా అలాంటిదేనేమో!
ఈల వేస్తే ఏడుపంటారేమో!
తప్పు నాదే అనుకోవడం
ఎనిమిదేళ్ళ అలవాటు.

కానీ మాట కోసం వెతుక్కునే గొంతు నాకు తెలుసు.
వెతుక్కుంటాను, తడుముకుంటాను,
దొరక్కపోతే సిగ్గుపడతాను.
ఆమె తడుముకోలేదు.
లేని మెట్టు మీద కాలు వేసి
మెట్టుందనుకునే దిగిపోయింది.

"కర్స్టీ, పాప ఎక్కడ?"
"అదే... దాన్ని... దాన్నే..."
వెనకాల పాప గుక్కపట్టింది.

"రెండు చేతులూ పైకెత్తండి."
ఫోను నేల మీద పడిన చప్పుడు.
ఫోను పట్టుకున్నది కుడిచెయ్యి.

మూతి వంకరపోయిందేమో నాకు కనబడదు.
అంబులెన్సు పంతొమ్మిది నిమిషాల దూరం.
నేల మీది ఫోనులోంచి అరిచాను,
ఎడమచేత్తో తలుపు గడియ తీయమని.
ఈడ్చుకుంటున్న చప్పుడు.
ఇత్తడి చప్పుడు, రెండుసార్లు.
తరవాత ఆమె గొంతు లేదు, పాప గొంతే.
నేనెప్పుడు తెలుగులోకి జారానో తెలియదు:
"వచ్చేస్తున్నారు తల్లీ, వచ్చేస్తున్నారు,
ఇదిగో, మలుపు తిరిగారు."
బూట్లు. ఒక మగగొంతు, "హలో, లవ్."
లైను తెగింది.

తరవాతి కాల్
ముక్కులో బఠాణీ దోపుకున్న పిల్లాడు.
ఏ వైపు ముక్కులో అని అడిగాను.

ఆమె ఏమైందో మాకు చెప్పరు.
మా రికార్డు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

నెల తరవాత ఆడిట్.
హిల్డా ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి,
ముప్ఫై ఏళ్ళ నర్సు.
నా మౌనం దగ్గర టేపు ఆపింది.
"ఇక్కడేం చేస్తున్నావు?"
"మీ భాషేమో అనుకున్నాను" అన్నాను.

చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.
"మొదటిసారి విన్నప్పుడు
నాకది కెటిల్ అని వినబడనే లేదు.
బేబీ అనే వినబడింది."

మళ్ళీ వెనక్కి తిప్పింది.
ఇద్దరం విన్నాం,
ఆ మాటా, ఆ తరవాత
తొమ్మిది సెకన్లూ.