పది మిల్లీమీటర్లు

రాత్రి పదకొండున్నరకు, సజాల మా షెడ్డు ముందర
నీళ్ల ట్యాంకరొకటి వచ్చి ఆగింది,
కాలు కుంటే బర్రె లెక్క ఎడమ దిక్కు ఒరిగి.
దిగినాయన గుల్ జమాన్.
స్క్రాపుయార్డుల బేరమాడి తెచ్చిన రెండు రిమ్ములు
ధన్‌మని నా కాళ్ల కాడ పడేసిండు.
"ఎనిమిది తూట్లు. నా బండికి సుత ఎనిమిదే.
లెక్క సరిపోయింది. ఎక్కియ్యి."

లెక్క సరిపోయింది.
రిమ్ము లేపి, మోకాలితోని నూకి, హబ్బుకు ఆనిచ్చిన.
మొదటి బోల్టు తల బయట పెట్టింది.
దాని ఎదురుది తూటు అంచుకు తాకి ఆగింది,
చీకట్ల దర్వాజకు తగిలిన నొసలు లెక్క.

టేపు పెట్టి చూసిన, నడిమి నుంచి నడిమికి.
హబ్బు ఇన్నూట ఎనభై ఐదు.
రిమ్ము ఇన్నూట డెబ్బై ఐదు.
జపాను బండికి యూరపు చక్రం.
తేడా
నా చిటికెనవేలి గోరంత.

చాయ్ గిలాస పట్టుకొని బీరాన్ కాక వచ్చిండు, మా ఫోర్‌మన్.
ఆయనది సగం హిందీ, సగం మలయాళం,
పానా ఒక్కటే మా ఇద్దరికీ తెలిసిన భాష.
"గ్రైండర్ పట్టు. తూట్లను కోడిగుడ్డు లెక్క సాగదియ్యి.
వాషరేసి బిగియ్యి. పొద్దుగాల క్యాంపుకు నీళ్లు పోవాలె."

ఆ క్యాంపుల నాలుగు వందల మంది ఉంటరు.
ఆరో నంబర్ రూముల, పై మంచం మీద, నేను ఉంట.

పోయినేడు జూన్ల ఒక బండికి సాగదీసిన.
ఎవలికీ చెప్పలే, ఇప్పుడు చెప్తున్న.
ఐదు బోల్టులు బిగిసినయి,
మూడు బిగిసినట్టు నటించినయి.
ధైద్ తొవ్వల చక్రం ఊడి, బండి కంటె ముందు ఉరికిందట.
డ్రైవర్ చూసిండట,
తన చక్రమే తనను ఓవర్‌టేక్ చేసి పోవుడు.
ఒంటెల కంచె తెంపుకొని
అలిసినట్టు ఇసుకల పండుకున్నదట.
ఎవలూ సావలేదన్నరు.
ఎవలూ సావలేదు అన్న మాట
ఎన్నిసార్లు బిగిచ్చుకున్నా నాకు వదులే అయితది.

నట్టు వేళ్లతోని మూడు చుట్లు తిరగాలె,
ఆ తర్వాతనే పానా.
వేలికి ఎక్కనిదాన్ని గన్ను పెట్టి ఎక్కిస్తే ఎక్కదని కాదు.
ఎక్కుతది.
గదే భయం.

నా కార్డు మీద నేను తోటమాలిని.
పదకొండేండ్ల సంది ఒక్క మొక్కకు చెంబెడు నీళ్లు పోయలే.
ఏజెంటు నన్ను సుత గిట్లనే బిగిచ్చిండు,
తూటు సాగదీసి, వాషరేసి.
నేను ఊగుకుంటనే తిరుగుతున్న.
కని నా మీద పది టన్నుల నీళ్లు లెవ్వు,
నా ఎనుక స్కూలు బస్సు వస్తలేదు.

గ్రైండర్ ప్లగ్గు పీకేసిన.

కాక ఏమీ అనలే. ఎర్ర పెన్ను తీసి
నా పేరు ముందర రెండు దినాలు కొట్టేసిండు.
గుల్ జమాన్ మాత్రం పష్తోల చానా అన్నడు,
ఒక్క ముక్క తెల్వకున్నా అన్నీ నాకు తగిలినయి.

లబన్ డబ్బాలొచ్చే అట్టపెట్టెను చింపి
హబ్బు మీద పెట్టి అరచేత్తోని కొట్టిన.
గ్రీజు తోని ఎనిమిది నల్ల ముద్రలు పడ్డయి.
"ఇది పట్టుకపో ఖాన్. వీటి మీద సక్కగ కూసున్న రిమ్మే తే.
పైసలు తక్కువైతే నా దగ్గర నలభై దిర్హంలున్నయి."
ఆయన అట్టను మడవబోయిండు.
"మడవకు!" అని ఒర్రిన. "మడిస్తే కొలత పోతది."
నా మొఖం దిక్కు చూసిండు.
వేడి ఖుబ్బూస్ మోసినట్టు
రెండు చేతుల మీద పెట్టుకొని
గేటు దాటి, లైట్లు లేని దిక్కు నడిచిండు.

పొద్దుగాల క్యాంపుల నల్లాలు బుస్సుమన్నయి, అంతే.
వరండల సబ్బు నురగ మొఖాలు,
ట్యాంకరోన్ని నాలుగు భాషలల్ల తిట్టుకుంట.
నేను సుత బకిట పట్టుకొని ఆ లైన్ల నిలవడ్డ.
తాగే సీసాల మిగిలిన నీళ్లతోని కండ్లు తడుపుకున్న.
గోర్ల కింది గ్రీజు పోలే.
చిటికెనవేలిని ఎండకు పెట్టి చూసిన,
నిజంగ పది ఉంటదో ఉండదో.
టేపు షెడ్డుల మర్చిపోయి వచ్చిన.