నీళ్ళొచ్చే టైము

షార్జా సజ్జాల మా క్యాంపుకు
పొద్దుగాల మూడున్నరకు నీళ్ళొస్తయ్,
నాలుగుంబావుకు బందయితయ్.
రూము నంబరు రెండువందల పద్నాలుగు.
ఎనిమిది మంచాలు, ఎనిమిది బకెట్లు.
నల్లా కింద, ఆవరణల, అందరికి ఒక్కటే.

ఆ నల్లా కాడ పోశెట్టికి నాకు
ఆరేండ్ల దోస్తాని.
నాది నైట్ డ్యూటీ అయితే నా బకెట్ ఆయన నింపుడు,
ఆయనది అయితే నేను.
ఎవ్వరు పెట్టిన రూలు కాదు,
అట్ల పడ్డది.

ఓట్లు లెక్కవెట్టిన రోజు
రూమంత ఒక్క ఫోను మీదికి వంగింది.
అసలు మా ఇద్దరిల ఎవ్వనికీ ఓటు లేదు,
లిస్టులకెల్లి పేర్లు ఎన్నడో తీసేసిండ్రు.
అయినా ఆయన గెలిచిండు,
నేను ఓడిన.

మాది మునిగిన ఊరు.
ఆయనది పారిన ఊరు.
రిజర్వాయరు ఒక్కటే,
కట్టకు ఇవతల మేము, అవతల వాళ్ళు.

"పైసలు తీసుకున్నరు గదా, ఇంకేం ఏడుపు" అన్నడు,
బుక్క నోట్లె ఉండంగనే.
నేను ఊకున్ననా?
"నీ వరిగొలుసుల మా తాత బొక్కలున్నయ్,
సూసుకుంట తిను" అన్న.
పోశెట్టి పళ్ళెం కింద పెట్టిండు.
చానాసేపు చెయ్యి కడుక్కోలేదు.

తెల్లారి నుంచి రెండు కుక్కర్లు.
ఫ్రిజ్జు నడుమ నల్లటి కరెంటు టేపు.
అటు ముగ్గురు పోయిండ్రు, ఇటు ఇద్దరొచ్చిండ్రు.
ముత్తెన్న ఒక్కడే రెండు దిక్కులా తిని
రెండిట్లా ఉప్పు తక్కువైందన్నడు.
రాత్రయితే ఫోన్లళ్ళ స్పీచులు, సౌండు పెంచి.
ఒకని లీడరు మాట్లాడుతుంటే
ఇంకొకనికి దగ్గు.

మూడు వారాలు.
డ్యూటీ దిగి నేనొచ్చేసరికి మాత్రం
నా బకెట్ నిండి ఉంటుండె,
దుమ్ము పడకుంట మీద ఒక పళ్ళెం బోర్లించి.
ముత్తెన్ననే అనుకున్న.
"నా మోకాళ్ళకు మూడంతస్తులు దిగుడా?" అని నవ్విండు.

ఒకనాడు క్రేను చెడిపోయి
నడిరాత్రే వాపస్ పంపిండ్రు.
నల్లా కాడ లైనుల పోశెట్టి,
రెండు చేతుల రెండు బకెట్లు.
మనిషికొక్కటే అని పఠాన్ మీద మీదికొస్తుంటే
వచ్చీరాని హిందీల
"ఇది మావోనిది, డ్యూటీల ఉన్నడు" అంటున్నడు.

సిలిండర్ల చాటుకు నిలబడ్డ.
నా మనసేం మారలేదు, అబద్ధం చెప్ప.
ఆ కట్ట మీద నా కోపం
ఆ కట్టంత ఎత్తు ఇయ్యాల్టికీ ఉంది.
కానీ ఏడు బోర్లేసి, ఏడూ ఎండి,
ఆ అప్పు నెత్తిన పెట్టుకొనే
పోశెట్టి ఈ ఎడారికొచ్చిండు.
నాకది ముందుగాలనే ఎరుక.
ఆ రోజు యాదికి రాలేదు.
రానియ్యలేదు.

ఛుట్టీ నాడు మెట్ల మీద బట్టలు పిండుకుంట
అడిగిండు, నా మొహం చూడకుంట:
"మీ ఇల్లు ఎంత లోతుల ఉంది?"

చెక్కులిచ్చినోళ్ళు అడగలేదు.
మా దిక్కు జెండా పట్టుకున్నోళ్ళూ అడగలేదు.
ఎండకాలం మూడు నిలువులు అన్న,
వానకాలం చెప్పలేం.
"కొట్టం సుత?"
"సుత."
ఆయన తప్పయిందనలేదు.
తాత బొక్కల మాట నేనూ వాపస్ తీసుకోలేదు.
"నీ మడి కింది దాకా అందుతున్నయా నీళ్ళు?" అని మాత్రం అడిగిన.
"ఆఖరు మడికి అందుతలెవ్వు" అన్నడు, మెల్లగ,
తన పార్టీ వినకూడదన్నట్టు.

టేపు ముత్తెన్న పీకేసిండు.
ఫ్రిజ్జు మీద జిగురు గీత పోలేదు,
చెయ్యి పెడితే అంటుకుంటది.
కొట్లాట మల్ల మొదలైంది,
వచ్చే ఓట్ల మీద ఇప్పటి నుంచే.
కాకపోతే తినుడు అయినంక.

రేపు ఆయనకు నైట్ డ్యూటీ.
మూడు ఇరవైకి
అలారం పెట్టుకున్న.